సలహాలు చెప్పకూడని పని

ఇరవై ఏళ్లకు పైగా కాల్ సెంటర్‌లో పనిచేశాను. మొదట్లో ఫోన్లు ఎత్తేదాన్ని, తర్వాత ఫోన్లు ఎత్తేవాళ్లకు సూపర్‌వైజర్‌ని అయ్యాను. ఒక్కో కాల్ సగటున ఎన్ని నిమిషాల్లో పూర్తవుతోందన్న లెక్క మీదే మా బతుకంతా నడిచేది. ఆ అంకె తగ్గితే చప్పట్లు, పెరిగితే మీటింగు. కస్టమర్ల ప్రశ్నలన్నీ చాట్ సాఫ్ట్‌వేర్‌కి అప్పజెప్పడం మొదలయ్యాక మా ఫ్లోర్‌లో కుర్చీలు ఒక్కొక్కటే ఖాళీ అవుతూ వచ్చాయి. నా వంతు వచ్చేసరికి నాకు 46 ఏళ్లు.

ఇల్లు గడవడానికి ఇబ్బందేమీ లేదు. మా ఆయనకి ఉద్యోగం ఉంది, పిల్లలిద్దరూ చదువులకని వెళ్లిపోయారు. "ఇన్నాళ్లూ కష్టపడ్డావు, ఇక హాయిగా ఉండు" అని అందరూ అన్నారు. హాయిగా ఉండడం ఎలాగో మాత్రం ఎవరూ చెప్పలేదు. వెళ్లాల్సిన చోటేదీ లేకపోయినా పొద్దున్నే తయారై కూర్చునేదాన్ని. మధ్యాహ్నం అయ్యేసరికి ఊరికే కోపం వచ్చేది, ఎవరి మీదో కూడా తెలియదు. రాత్రి మూడింటికి మెలకువ వచ్చి ఇక నిద్ర పట్టేది కాదు.

మాకు తెలిసిన ఒకావిడ సామాజిక మానసిక ఆరోగ్య కేంద్రంలో నర్సు. ఇళ్లకు వెళ్లి మనుషులతో మాట్లాడే స్వచ్ఛంద కార్యకర్తలు కావాలని ఆవిడే చెప్పింది. "నేను చదివింది కామర్స్. డాక్టర్నీ కాదు, సైకాలజిస్టునీ కాదు" అన్నాను. "డాక్టర్లున్నారు, కానీ సరిపోరు. వాళ్లు చేయలేని పని ఇంకోటుంది, దానికి మనుషుల్లేరు" అంది. వారానికి రెండు రోజుల పని. సేవ చేద్దామన్న పెద్ద ఉద్దేశమేమీ లేదు నాకు. ఆ రెండు రోజులైనా ఎలాగో గడుస్తాయనుకున్నాను.

దరఖాస్తు, ఇంటర్వ్యూ, పోలీసు వెరిఫికేషన్ మామూలుగానే జరిగిపోయాయి. అసలు కథ శిక్షణలో మొదలైంది.

మొదటి రోజే నాలాంటి వాళ్ల అనుమానం తీర్చడానికన్నట్టు జింబాబ్వే సంగతి చెప్పారు. డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్టు దగ్గరికి రావాల్సిన ఒక పేషెంటు బస్సు ఛార్జీలకు డబ్బుల్లేక రాలేకపోయింది, తర్వాత ఆత్మహత్య చేసుకుంది. హాస్పిటల్లో కూర్చుని పేషెంటు కోసం ఎదురుచూస్తే కుదరదని ఆయనకి అప్పుడు అర్థమైంది. క్లినిక్‌లో ఇవ్వడానికి గది లేదు, నర్సులకు తీరిక లేదు. దొరికింది 14 మంది బామ్మలు. 2006లో హరారే నగరంలోని ఎంబారే పేటలో వాళ్లకు శిక్షణ ఇచ్చి, క్లినిక్ బయట చెట్ల నీడన బెంచీల మీద కూర్చోబెట్టాడు. ఆ పద్ధతి మీద 24 క్లినిక్‌లలో 573 మందితో చేసిన పరిశోధన 2016లో 'జామా' అనే అమెరికన్ వైద్య పత్రికలో వచ్చింది. మామూలు వైద్యం మాత్రమే అందిన వాళ్లకంటే ఈ బెంచీ మీద మాట్లాడిన వాళ్లలో ఆరు నెలల తర్వాత డిప్రెషన్ లక్షణాలు బాగా తక్కువగా ఉన్నాయి. నిపుణులు చేసే పనిలో కొంత భాగాన్ని శిక్షణ ఇచ్చి మామూలు మనుషులకు అప్పగించే ఈ దారిని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2008 నుంచి ఒక కార్యక్రమంగా నడుపుతోంది.

బామ్మల కథ బాగుంది. అదే పూట స్లైడ్ మీద ఎరిక్ ఎరిక్‌సన్ అనే మనస్తత్వవేత్త సిద్ధాంతం చూపించారు. నడివయసులో మనిషి తన తర్వాతి వాళ్లకు ఏదో ఒకటి అందించే వైపు వెళ్తాడట, లేదంటే తనలో తనే కూరుకుపోతాడట. అది చూడగానే నాకు చిరాకు పుట్టింది. రాత్రి మూడింటికి లేచి గోడ చూస్తూ కూర్చునే మనిషికి ఇది ఓదార్పూ కాదు, దారీ కాదు.

మాకు నేర్పింది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో విడుదల చేసిన 'ప్రాబ్లమ్ మేనేజ్‌మెంట్ ప్లస్' అనే పద్ధతి. వారానికోసారి చొప్పున ఐదు సార్లు, ఒక్కోసారి గంటన్నర కూర్చుంటాం. నెమ్మదిగా ఊపిరి తీసుకోవడం, సమస్యల్ని విడదీసి ఒకదాన్ని పట్టుకోవడం, ఆగిపోయిన పనుల్ని చిన్నచిన్నగా మళ్లీ మొదలుపెట్టడం, తెగిపోయిన మనుషులతో మళ్లీ కలవడం. ఇంతే. కాగితం మీద చూస్తే ఇందులో నేర్చుకోవడానికి ఏముంది అనిపిస్తుంది.

నేర్చుకోవాల్సింది నోరు మూసుకోవడం. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి ఒకరు బాధ చెప్పుకునేవాళ్లు, ఇంకొకరు వినేవాళ్లుగా రోల్‌ప్లే చేయించేవారు. "నేనైతేనా..." అని ఎవరైనా మొదలుపెట్టగానే శిక్షకురాలు చెయ్యి ఎత్తేది. మొదటి వారం ఆవిడ చెయ్యి కిందకి దిగింది తక్కువ. "ధైర్యంగా ఉండండి", "అందరికీ ఉండేవే", "దేవుడున్నాడు" కూడా నిషేధమే. మా గ్రూపులో ఒక రిటైర్డ్ టీచరు గారు విసుక్కుని, "మరేం చెప్పాలమ్మా?" అని అడిగారు. "ఏం చెప్పాలో తెలియనట్టు కాసేపు ఉండండి సార్" అంది ఆవిడ.

నాకు ఇంకో ఇబ్బంది ఉంది. కాల్ సెంటర్ భాషలో ఇద్దరూ మాట్లాడకుండా ఉన్న సమయాన్ని డెడ్ ఎయిర్ అంటారు. అలాంటి క్షణాలు ఎక్కువైతే క్వాలిటీ టీమ్ మార్కులు కోసేస్తుంది. అందుకే ఏదో ఒకటి అంటూనే ఉండాలి, "ఒక్క నిమిషం సార్, చూస్తున్నాను సార్" అని. ఇక్కడేమో ఎదుటి మనిషి తల దించుకుని ఆగిపోతే మనమూ ఆగిపోవాలి. నా అరచేతులకి చెమటలు పట్టేవి. తీరా ఆగితే, మనిషి అసలు చెప్పాలనుకున్నది ఆ ఆగిన తర్వాతే బయటికి వస్తుంది. దీన్ని ఎవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు, రోల్‌ప్లేలోనే నాకే జరిగింది కాబట్టి నమ్మాను.

పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి కూడా నేర్పారు. గత రెండు వారాల్లో ఎలా ఉందని తొమ్మిది ప్రశ్నలు. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా మార్కులు, మొత్తం 27. ఐదు నుంచి తేలికపాటి డిప్రెషన్ లక్షణాలు, పది నుంచి పట్టించుకోవాల్సిన స్థాయి, ఇరవై నుంచి తీవ్రం. జబ్బు ఉందని తేల్చేది ఇది కాదు, ఎవరి గురించి ముందు కంగారు పడాలో చెప్పేది. ప్రాక్టీసు కోసం మా మీద మేమే నింపుకోమన్నారు. నాకు పదికి ఒక్కటి తక్కువ వచ్చింది. శిక్షకురాలు భోజనాల వేళ పక్కకి పిలిచి, మామూలుగా, జలుబు చేసిందా అని అడిగినట్టు అడిగింది, "నిద్ర సరిగా పడుతోందా మీకు?" అని. ముందు మీరు ఎవరితోనైనా మాట్లాడండి, శిక్షణ ఎలాగూ సాగుతుంది అంది. అలా ఇళ్లకు వెళ్లడం మొదలుపెట్టకముందే నేనొక కౌన్సెలర్ ఎదురుగా కూర్చున్నాను. అవతలి కుర్చీలో కూర్చోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. వాచీ చూసుకుంటూ వినే మనిషిని ఎదుటివాళ్లు ఇట్టే పసిగట్టేస్తారని కూడా.

ఆ తొమ్మిదో ప్రశ్న గురించి విడిగా చెప్పాలి. చచ్చిపోతే బాగుండుననో, తనకు తాను హాని చేసుకోవాలనో ఆలోచనలు వచ్చాయా అని అడిగే ప్రశ్న అది. ఒక పూటంతా దాన్నొక్కదాన్నే సాధన చేయించారు. మేమంతా "అలాంటి ఆలోచనలేమైనా..." అని నీళ్లు నమిలేవాళ్లం. "అలాంటి అంటే ఎలాంటివి?" అని శిక్షకురాలు అడిగేది. "మీరు ఆ మాట మింగేస్తే అవతలి మనిషికి అర్థమయ్యేది ఒకటే. ఈ విషయం వినడానికి ఈవిడకే భయంగా ఉంది, ఇక చెప్పకూడదు అని." అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందేమోనన్నది చాలామందికి ఉండే భయం. నిజానికి అడగడం వల్ల ముప్పు పెరగదని పరిశోధనలు చెబుతున్నాయి. చాలామందికి అడిగాక ఊపిరి తీసుకున్నట్టు ఉంటుంది. "మీకు చనిపోవాలని అనిపిస్తోందా?" అని గొంతు వణక్కుండా, కళ్లలోకి చూస్తూ అడగడం వచ్చేదాకా మమ్మల్ని వదల్లేదు. అవునని జవాబు వస్తే ఏం చేయాలో కూడా అంతే గట్టిగా నేర్పారు. ఒంటరిగా వదలకూడదు, రహస్యంగా ఉంచుతానని మాట ఇవ్వకూడదు, వెంటనే సూపర్‌వైజర్‌కి ఫోన్ చేయాలి, హాని చేసుకోగల వస్తువులు అందకుండా చూడాలి.

ఇక్కడి నుంచి చెప్పే మనుషుల వివరాలు మార్చాను.

నాకు అప్పగించిన మొదటి ఇంటావిడ నాకంటే చిన్నది. ఆవిడ స్కోరు పదిహేను దాటింది. డాక్టరు చూశారు, మందులు కూడా మొదలయ్యాయి. గదిలో ఒక కుర్చీ మీద ఉతికిన బట్టల గుట్ట ఉండేది, నన్ను కూర్చోమనడానికి కూడా చోటు లేదు. ఆ గుట్టని చూసి ఆవిడ సిగ్గుపడటం, సిగ్గుపడి మరీ ముడుచుకుపోవడం నాకు కనిపిస్తూనే ఉంది. నా చేతులు దురద పెట్టాయి. పది నిమిషాల్లో మడతపెట్టి సర్దేయగలను. కానీ నేను సర్దితే అది నా పని అవుతుంది. నేల మీద కూర్చున్నాను.

డిప్రెషన్‌లో మనం అనుకునే వరస తలకిందులు. మనసు బాగుపడితే పని చేస్తాను అని మనిషి ఎదురుచూస్తూ ఉంటుంది, ఏ పనీ లేక మనసు ఇంకా కిందికి జారుతుంది. అందుకని ముందు పని, ఆ వెనకే మనసు. అయితే ఆ పని ఎంత చిన్నగా ఉండాలంటే వద్దనడానికి కారణం దొరక్కూడదు. పిల్లలు బడికి వెళ్లాక మూడు బట్టలు మడతపెట్టడం అని ఆవిడే అనుకుంది. రోజూ ఏ వేళకో కూడా కాగితం మీద రాసుకుంది.

తర్వాతి వారం వెళ్తే గుట్ట ఇంకా పెరిగింది. "చేయలేదండి" అని తల దించుకుంది, తిట్లు పడతాయని సిద్ధంగా ఉన్న పిల్లలా. ఏం అడ్డొచ్చిందో మాట్లాడుకున్నాం. బట్టల్లో అన్నీ కలిసి ఉంటే ఎవరివి ఎక్కడ పెట్టాలో తోచక ఆగిపోతోందట. అయితే చిన్నదానివి మాత్రమే తీసి పక్కన పెడదాం, మడతలు వద్దు అని తగ్గించుకున్నాం. ఇదీ పద్ధతి. జరగకపోతే మనిషిని తప్పుపట్టం, పని సైజు తగ్గిస్తాం. ఉద్యోగంలో నా కింద పనిచేసిన పిల్లల్ని ఎవరైనా ఇలా చూసి ఉంటే వాళ్లలో సగం మంది ఇంకా అక్కడే ఉండేవాళ్లేమో.

ఐదు వారాలు అయ్యేసరికి ఆవిడ స్కోరు సగానికి పైగా తగ్గింది. అక్కతో మళ్లీ ఫోన్లో మాట్లాడుతోంది. అప్పులు మాత్రం అలాగే ఉన్నాయి, ఇంట్లో గొడవలూ ఉన్నాయి. సమస్యల్ని మనం కదిలించగలిగేవి, కదిలించలేనివి, అంత ముఖ్యం కానివి అని మూడుగా విడదీయమని ఈ పద్ధతి చెబుతుంది. అప్పుల్ని ఆవిడ రెండో కోవలో రాసింది. ఎందుకు అని నేను అడగలేదు. అయ్యో అనిపించింది, కానీ ఆ నిర్ణయం ఆవిడది.

తీవ్రమైన మానసిక వ్యాధులున్న ఇళ్లలో మా పాత్ర ఇంకా చిన్నది. వైద్యం సైకియాట్రిస్టుది. మందులు వేసుకుంటున్నారా, అపాయింట్‌మెంటుకి వెళ్తున్నారా, ఇంట్లోవాళ్లు ఎలా ఉన్నారు అని చూడడమే మాది. స్కిజోఫ్రెనియా ఉన్న ఒక కుర్రాడు మందులు ఆపేశాడు. పొగరనీ మొండితనమనీ ఇంట్లో అనుకుంటున్నారు. మెల్లగా అడిగితే, అవి వేసుకుంటే పొద్దున్న లేవలేకపోతున్నాననీ ఒళ్లు పెరిగిపోతోందనీ చెప్పాడు. ఆ సంగతి నర్సుకి చెప్పాను, డాక్టరు మందు మార్చారు. నేను చేసింది ఒక మాటని ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోయడం. అంతకుముందు ఆ మాటని ఎవరూ మోయలేదు.

వాళ్లమ్మ కళ్ల పరీక్ష చాలాకాలంగా వాయిదా వేస్తోంది. కొడుకుని వదిలి బయటికి వెళ్లలేదు. ఇటలీలో 1978లో ఫ్రాంకో బసాలియా అనే సైకియాట్రిస్టు నడిపిన ఉద్యమ ఫలితంగా వచ్చిన చట్టం పెద్ద మానసిక ఆసుపత్రుల్లో కొత్తవాళ్లని చేర్చుకోవడం ఆపించింది, మనుషుల మధ్యే వైద్యం జరగాలంది. న్యాయమైన మాటే. కానీ మనుషుల మధ్య అన్నప్పుడు ఆ మనుషులెవరు? సేవలు చాలినంత లేని చోట ఆ భారమంతా ఒక తల్లి నెత్తిన పడుతుంది. ఆ అబ్బాయికి వారంలో కొన్ని పూటలు డే కేర్‌లో చోటు దొరికాకే ఆవిడ కళ్లు చూపించుకుంది. అందుకు మా సూపర్‌వైజర్ ఎన్ని ఫోన్లు చేసిందో నాకు తెలుసు.

ఈ పనిలో నన్ను నిలబెట్టింది ఏదని అడిగితే సూపర్‌విజన్ అంటాను. గురువారం అందరం కూర్చుని ఆ వారం కేసులు చెప్పుకుంటాం. పేర్లు ఉండవు. ఒకసారి ఒకావిడ గురించి ఇంటికి వెళ్లాక కూడా ఆలోచిస్తున్నానని చెప్పాను. "ఆవిడ గురించి ఆలోచించడానికి మీకు గురువారం ఉంది. మిగతా రోజులు అత్యవసరమైతే ఆఫీసు ఫోన్ ఉంది" అంది సూపర్‌వైజర్. మొదట్లో రాయిలాంటి మాట అనిపించింది. అలా గీత గీసుకోని వాళ్లు మా బ్యాచ్‌లో ఏడాది తిరక్కుండానే మానేశారు. సొంత ఫోన్ నంబరు ఇవ్వం. బజారులో ఎదురైతే వాళ్లు పలకరిస్తే తప్ప మనం పలకరించం, పక్కన ఉన్నవాళ్లు "ఎవరావిడ?" అని అడిగితే వాళ్లకి ఇబ్బంది. ఇంట్లో మా ఆయన "ఇవాళ ఎలా గడిచింది?" అంటే "బాగానే" అంటాను. పాపం, ఆయనకి ఇప్పటికీ నేను ఏం చేస్తానో పూర్తిగా తెలియదు.

అన్నీ కలిసిరావు. ఒక ఇంటి తలుపు ఎప్పటికీ తెరుచుకోలేదు. ఇంకొకాయన రెండుసార్లు మాట్లాడి ఇక రావద్దన్నారు. వీటికి తోడు నిధులిచ్చే వాళ్ల నెలవారీ ఫారం ఒకటి ఉంటుంది. ఎన్ని ఇళ్లు, ఎన్ని సెషన్లు, ఎంతమందికి పూర్తయింది అని గడులు. ఆ గడులు నింపుతున్నప్పుడల్లా పాత ఆఫీసులో కూర్చున్నట్టే ఉంటుంది. లెక్క అవసరమే, కాదనను. కానీ ఒక మనిషి మూడు వారాలు మౌనంగా కూర్చుని నాలుగో వారం నోరు విప్పితే అది ఏ గడిలో రాయాలో ఆ ఫారం చేసినవాళ్లు ఆలోచించలేదు.

వయసు ఇక్కడ బాగా పనికొచ్చింది. తలుపు తీసినవాళ్లు నెరిసిన జుట్టు చూసి లోపలికి రమ్మంటారు. ఎంత మాట విన్నా మొహం మారకుండా ఉండడం నాకు ముప్పైల్లో చేతనయ్యేది కాదు. ప్రమోషన్ల తొందర లేదు, ఎవరికీ ఏదీ నిరూపించాల్సిన పని లేదు. మా బ్యాచ్‌లో మిగిలినవాళ్లలో ఎక్కువమంది నలభై దాటినవాళ్లే. కుర్రవాళ్లు తెలివైనవాళ్లు, చురుకైనవాళ్లు, కానీ ఫలితం తొందరగా కనిపించకపోతే నలిగిపోతారు. జీవితానికి కొత్త అర్థం దొరికిందా అని స్నేహితులు అడుగుతుంటారు. అలా ఒక రోజు దొరికిందని చెప్పలేను. రాత్రి మూడింటికి మెలకువ రావడం ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు. వారంలో నా కోసం ఎదురుచూసే ఇళ్లు కొన్ని ఉన్నాయి, ఆలస్యమైతే "ఏమైందండీ?" అని అడుగుతారు. ఉద్యోగం పోయాక నాకు కరువైంది ఆ ప్రశ్నే.

నాలాగా నడివయసులో ఇటువైపు రావాలనుకునేవాళ్లు చేరబోయే సంస్థని ముందు కొన్ని సంగతులు అడగాలి. శిక్షణలో రోల్‌ప్లే ఉందా, లేక ఉపన్యాసాలేనా? నేను ఎన్ని ఇళ్లకు మించి తీసుకోకూడదు? ప్రయాణ ఖర్చులు ఎవరివి? కొత్తలో ఇంటికి ఒంటరిగా పంపిస్తారా, జంటగానా? సూపర్‌విజన్ ప్రతి వారం ఉంటుందా, తీరిక దొరికినప్పుడా? చివరిగా ఇంకోటి: సాయంత్రం ఏడింటికి ఎవరైనా ఆ తొమ్మిదో ప్రశ్నకి అవునంటే నేను ఎవరికి ఫోన్ చేయాలి? "చూద్దాం లెండి, అలాంటివి అరుదు" అంటే ఇంకో చోటు వెతుక్కోండి. పేరూ నంబరూ వెంటనే రాసిచ్చే చోట చేరండి.